సెకండ్‌హ్యాండ్ హెచ్‌ఎస్‌టీ ట్రాక్టర్: ఇంజన్‌ని చల్లగా, పంపుని వేడిగా చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డాలస్‌కి ఉత్తరాన 6 ఎకరాలు తీసుకున్నారు. మూడున్నర ఎకరాలు గడ్డి, అర ఎకరం కూరగాయలు, పది మేకలు, కంచె వెంబడి మెస్కిట్ ముళ్ల పొదలు. శని, ఆదివారాల్లో మీరూ మీ ఆవిడా ఇద్దరూ నడపాలి. రెండు బండ్లు చూశారు. ఒకటి 2011 నాటి 27 హెచ్‌పీది, 1,150 గంటలు తిరిగింది. రెండోది 2016 నాటి 33 హెచ్‌పీది, 340 గంటలే తిరిగింది. రెండూ హెచ్‌ఎస్‌టీలే (హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్, అంటే గేర్లు మార్చకుండా నూనె ఒత్తిడితో నడిచేవి), రెండింటికీ ముందు బకెట్‌తో ఎత్తే లోడర్ ఉంది, ధరలో పెద్ద తేడా లేదు. ఏది తీసుకోవాలి, అసలు హెచ్‌ఎస్‌టీ ఎందుకు, గేరు బండి చాలదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ పనికి హెచ్‌ఎస్‌టీయే సరైనది. ఈ రెండింట్లో నా మొగ్గు 2011 బండి వైపే, కాకపోతే నేను కింద చెప్పే వేడి పరీక్షలో అది నెగ్గాలి. నెగ్గకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. గంటల మీటరు చూసి మాత్రం నిర్ణయించుకోకండి. ఇంజన్ లోపాలు చల్లగా ఉన్నప్పుడు బయటపడతాయి, హెచ్‌ఎస్‌టీ లోపాలు బాగా వేడెక్కాకే బయటపడతాయి. చాలామంది వెళ్లేసరికి అమ్మేవాళ్లు ఇంజన్ వేడి చేసి పెడతారు. కొనేవాళ్లేమో అయిదు నిమిషాలు నడిపి వచ్చేస్తారు. అలా అయితే రెండు లోపాలూ కనపడవు.

గేరు బండి ఎందుకు వద్దంటున్నాను

మన ఊళ్లలో 45 హెచ్‌పీ గేరు బండి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే వేగంతో దున్నుతుంది. ఆ పనికి గేరే మేలు. నూనె ద్వారా శక్తి పంపే హెచ్‌ఎస్‌టీలో ఇంజన్ శక్తిలో కొంత వేడిగా పోతుంది, డీజిల్ కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది. మీ పని అది కాదు. లోడర్‌తో పెంట ఎత్తడం, వెనక్కి రావడం, మళ్లీ ముందుకెళ్లడం, చెట్ల మధ్య గడ్డి కొట్టడం, కంచె పక్కన గుంటలు తవ్వడం. గంటకు వంద సార్లు ముందుకీ వెనక్కీ వెళ్లే పని. క్లచ్ తొక్కకుండా ఒక్క పాదంతో ఇదంతా చేయొచ్చు. ట్రాక్టర్ అలవాటు లేనివాళ్లకి భద్రత కూడా ఇందులోనే ఉంది, చదును మీద పెడల్ మీంచి కాలు తీస్తే బండి ఆగుతుంది. మన దగ్గర వరి కోసే చైన్ మిషన్లు దగ్గరగా చూసి ఉంటే, మడి మూలల్లో గేరు మార్చకుండా అంత తేలిగ్గా ముందుకీ వెనక్కీ ఆడేది ఈ హెచ్‌ఎస్‌టీ వల్లే.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే పరీక్ష ఎందుకు అలా చేయాలో అర్థమవుతుంది. ఇంజన్ ఒక పంపుని తిప్పుతుంది. అందులో చిన్న చిన్న పిస్టన్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి, వాటి అడుగులు ఒక పలక మీద జారుతూ తిరుగుతాయి. మీరు పెడల్ నొక్కితే ఆ పలక వాలుతుంది. ఎంత వాలితే పిస్టన్లు అంత నూనె తోస్తాయి, ఆ నూనె చక్రాల వైపున్న మోటారుని తిప్పుతుంది. పలక నిటారుగా ఉంటే నూనె కదలదు, అవతలి వైపు వాలితే బండి వెనక్కి వస్తుంది. పిస్టన్‌కీ దాని గూటికీ మధ్య సందు వెంట్రుకలో చిన్న భాగమంత. ఆ సందుని మూసేది నూనె చిక్కదనమే.

సంవత్సరాల వాడకంలో ఆ సందు పెరుగుతుంది. నూనె చల్లగా, చిక్కగా ఉన్నంతసేపు పెరిగిన సందుని కూడా అది మూసేస్తుంది, బండి కొత్తదానిలా లాగుతుంది. అరగంట పని చేశాక నూనె పలచబడి ఆ సందుల్లోంచి జారిపోతుంది. అప్పుడు ఇంజన్ గట్టిగానే తిరుగుతుంటుంది గానీ చక్రాలకి బలం చేరదు. పంపు, మోటారు కలిపి మార్చాలంటే విడిభాగాలకే వేల డాలర్లు అవుతాయి, బండిని నడిమికి విడదీసే కూలి దానికి అదనం. అందుకే మిగతా లోపాలన్నీ బేరంలో తేల్చుకోవచ్చు గానీ దీంట్లో బేరం లేదంటాను.

ముందు చల్లటి పరీక్ష

ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ తీసి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అడగండి, ఎందుకు వేడి చేశారని. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి చూడండి, నీటి మీద నూనె తెట్టు ఉండకూడదు. స్టార్ట్ అయ్యాక ఒకటి రెండు నిమిషాలు తెల్ల పొగ వస్తే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ నూనె తాగుతోందన్నమాట. బరువు పడ్డప్పుడు కాసేపు నల్ల పొగ సహజం. నూనె పోసే మూత వదులు చేసి చూడండి, పొగ గుప్పు గుప్పున తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి.

మామూలుగా చూసుకున్న డీజిల్ ఇంజన్‌కి 1,150 గంటలు పెద్ద వయసు కాదు. 4,000 గంటలు దాటినవి పని చేస్తూనే ఉంటాయి. నన్ను ఎక్కువ భయపెట్టేది పదేళ్లలో 200 గంటలే తిరిగి, వానకీ ఎండకీ బయట నిలబడ్డ బండి. సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో నీరు చేరుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మీటరు అబద్ధం చెప్తోందేమో పెడల్ రబ్బరు చూస్తే తెలుస్తుంది. 340 గంటల బండికి ముందుకి నొక్కే వైపు రబ్బరు గీతలు నున్నగా అరిగిపోయి ఉండకూడదు.

తర్వాత వేడి పరీక్ష, దీనికి గంట సమయం పెట్టుకోండి

ముందు నూనె. హెచ్‌ఎస్‌టీ నూనె చూసే పుల్ల గానీ గాజు కిటికీ గానీ వెనక ఉంటుంది. నూనె తేనె రంగులో తేటగా ఉండాలి. పాలలా ఉంటే నీళ్లు చేరాయి, మాడు వాసన వస్తే ఎప్పుడో బాగా వేడెక్కింది, నురగ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. చుక్క వేలి మీద వేసుకుని ఎండలో చూడండి. ఇత్తడి రంగు తళుకు కనిపిస్తే పిస్టన్ అడుగులో పలకో అరుగుతున్నట్టు. అక్కడితో ఆపేసి ఇంటికి వచ్చేయండి.

నూనె బాగుంటే బండిని ముప్పై నలభై నిమిషాలు నిజంగా పని చేయించండి. గడ్డి కట్టర్ ఉంటే ఎత్తైన గడ్డిలో నడపండి. లేకపోతే బకెట్ నిండా మట్టి వేసుకుని అటూ ఇటూ తిరగండి. ఇంజన్ ఆపి గేరు పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే ఎక్కువసేపు ఉంచలేకపోవాలి. అప్పుడు వరసగా ఇవి చేయండి.

లో రేంజ్‌లో (తక్కువ వేగం, ఎక్కువ బలం), ఫోర్ వీల్ వేసి, ఇంజన్‌ని పీటీవో (కట్టర్, రోటవేటర్ లాంటివాటిని తిప్పే వెనక షాఫ్ట్) ఆర్‌పీఎం దగ్గర పెట్టండి. అది మోడల్‌ని బట్టి మారుతుంది, మీటరు మీద గుర్తు ఉంటుంది. బకెట్‌ని నేలకి దగ్గరగా ఉంచి మట్టి గుట్టకి ఆనించి, పెడల్‌ని నెమ్మదిగా నొక్కండి. టైర్లు జారి మట్టి తవ్వితే బాగున్నట్టు. టైర్లు గట్టిగా పట్టి ఇంజన్ అణిగినా బాగున్నట్టే, బలం చక్రాల దాకా వెళ్తోంది. ఇంజన్ అణగదు, చక్రం కదలదు, లోపల మూలుగు మాత్రం పెరుగుతుంది అంటే నూనె లోపలే జారిపోతోంది. ఈ పరీక్ష హై రేంజ్‌లో చేయకండి. అక్కడ మంచి బండి కూడా కదలలేక రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే నూనెని వదిలేది) తెరుచుకుంటుంది, మీరు లేని లోపాన్ని ఊహించుకుంటారు.

ఇదే పరీక్ష వెనక్కి కూడా చేయండి, వెనక టైర్లను గట్టుకి ఆనించి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ముందుకు బలం తగ్గి వెనక్కి బాగుంటే పంపు మంచిదే అయ్యుండొచ్చు, ఒక వైపు రిలీఫ్ వాల్వ్‌లోనో, నూనెని ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వ్‌లోనో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు. అది చిన్న ఖర్చు. రెండు వైపులా బలం తగ్గితే పంపో మోటారో అరిగింది, లేదా పూడిపోయిన ఫిల్టర్ వల్ల నూనె అందడం లేదు. అమ్మేవాళ్లు "ఫిల్టర్ మారిస్తే సరిపోతుంది" అంటే, మార్చి చూపించమనండి, మళ్లీ వేడి చేసి చూద్దాం అనండి.

మూడోది వాలు పరీక్ష. డాలస్ చుట్టుపక్కల నేల చదునే, అయినా ఏదో ఒక కుంట గట్టు దొరుకుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి అదే గట్టు అదే రేంజ్‌లో ఎక్కించి ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. 20 సెకన్లది 22 అయితే నేను పట్టించుకోను. 30 అయితే వదిలేస్తాను. గట్టు మీదే పెడల్ వదిలేసి చూడండి, వాలులో నెమ్మదిగా పాకడం హెచ్‌ఎస్‌టీకి సహజం. బ్రేకు వేసి ఆపాల్సినంత వేగంగా దొర్లితే సహజం కాదు. చదును మీద పెడల్ వదిలాక కూడా బండి పాకుతుంటే మాత్రం భయపడకండి, అది న్యూట్రల్ సర్దుబాటు, చిన్న పని.

శబ్దం గురించి ఒక మాట. హెచ్‌ఎస్‌టీ ఎప్పుడూ సన్నగా ఈల వేస్తుంది, కొత్తవాళ్లు దానికే కంగారుపడతారు. ఒకే తీరున సాగే ఈల మామూలే. గరగరమని గులకరాళ్లు తిరుగుతున్నట్టు వస్తే నూనె చాలడం లేదు లేదా గాలి కలుస్తోంది. ఆ గరగరతో ఎన్నాళ్లు నడిపారో అని ఆలోచించాలి.

వంగి కింద కూడా చూడండి. చాలా చిన్న బండ్లలో హెచ్‌ఎస్‌టీ పెట్టె ముందు ఒక ప్లాస్టిక్ ఫ్యాను ఉంటుంది, నూనెని చల్లార్చేది అదే. దాని రెక్కల మధ్య ఎండుగడ్డి కుక్కుకుపోయి, రెండు మూడు రెక్కలు విరిగి ఉండటం తరచూ కనపడుతుంది. ఫ్యాను ఖరీదు తక్కువే. కానీ విరిగిన ఫ్యానుతో వేసవంతా నడిపితే లోపల జరిగిన నష్టం తక్కువ కాదు. రెక్కలు విరిగి ఉంటే వేడి పరీక్షని ఇంకో అరగంట పొడిగించండి.

ఆఖరుగా, అమ్మే మనిషిని అయిదు నిమిషాలు లోడర్ పని చేసి చూపించమని, అతని కాలు గమనించండి. బకెట్ గుట్టలో ఇరుక్కున్నప్పుడు పెడల్‌ని ఇంకా లోతుగా తొక్కేవాళ్లు చాలామంది. హెచ్‌ఎస్‌టీలో పెడల్ అంటే యాక్సిలరేటర్ కాదు, గేరు. లోతుగా తొక్కడం అంటే టాప్ గేరు వేసి బరువు లాగడమే. రిలీఫ్ వాల్వ్ కీచుమంటుంది, నూనె కాగిపోతుంది. బరువు పడ్డప్పుడు పెడల్ కొంచెం వదలాలి, అప్పుడు బలం పెరుగుతుంది. ఇది మీ ఆవిడకీ మొదటి రోజే చెప్పండి.

2016 బండి మీద నా అనుమానం

అమెరికాలో 25 హెచ్‌పీ దాటిన కొత్త డీజిల్ ఇంజన్లకి 2013 నుంచి టియర్ 4 ఫైనల్ అనే పొగ నిబంధన వచ్చింది. ఆ తర్వాత ఆ తరగతి బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని కాల్చుకోవడానికి అది ఇంజన్‌ని ఎక్కువ ఆర్‌పీఎంలో, వేడిగా, పావుగంట ఇరవై నిమిషాలు నడపమంటుంది. వారానికోసారి తీసి పది నిమిషాలు తక్కువ ఆర్‌పీఎంలో పెంట మోసి లోపల పెట్టేస్తే మసి కాలదు, పేరుకుంటుంది. ఇన్నేళ్లలో 340 గంటలే తిరిగిందంటే అలాగే వాడి ఉండొచ్చు. మీరూ అలాగే వాడబోతున్నారు. ప్రతి వారం రెండు గంటలు ఫుల్ ఆర్‌పీఎంలో గడ్డి కొట్టేవాళ్లయితే నేను ఇంత పట్టుబట్టను. డీపీఎఫ్ పీకేసిన బండిని ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనండి. అది అమెరికా గాలి కాలుష్య చట్టం క్లీన్ ఎయిర్ యాక్ట్‌కి విరుద్ధం, తర్వాత డీలర్లు ముట్టుకోరు.

మీరు అడగని మూడో దారి కూడా చెప్తాను. 25 హెచ్‌పీకి కొంచెం కింద ఆగిపోయేలా చేసిన బండ్లు ఈ గొడవ లేకుండా కొత్త సంవత్సరాల్లోనూ దొరుకుతాయి: కుబోటా ఎల్2501, జాన్ డీర్ 1025ఆర్, 3025ఇ. వీటిలో ఒకటి 500, 600 గంటలది దొరికితే మీరు చూసిన రెండింటి కంటే దానికే నా ఓటు. మహీంద్రా పేరు చూసి మన ఇంటి బండి అని మురిసిపోయేవాళ్లున్నారు. అక్కడ అమ్మే చిన్న హెచ్‌ఎస్‌టీ మోడళ్లలో చాలావాటి తయారీ జపాన్‌ది, కొరియాది. మంచివే, కాకపోతే నాగపూర్‌లో తయారైన బండి విడిభాగాలు వాటికి సరిపోవు. ఏ కంపెనీ అయినా మీ ఇంటికి గంట దూరంలో డీలర్ ఉన్నాడా అన్నది చూడండి.

హెచ్‌పీ కంటే బరువు చూడండి

27 హెచ్‌పీ హెచ్‌ఎస్‌టీ బండి వెనక షాఫ్ట్‌కి దాదాపు 20, 21 హెచ్‌పీ ఇస్తుంది. నాలుగడుగుల రోటరీ కట్టర్‌కి, నాలుగడుగుల రోటవేటర్‌కి అది చాలు. అయిదడుగుల కట్టర్‌కి 25 పీటీవో హెచ్‌పీ ఉంటే హాయి. లోడర్ పనికి మాత్రం బరువే బలం. 1025ఆర్ లాంటి బండి వట్టిది 1,450 పౌండ్ల దగ్గర ఉంటుంది, ఎల్2501 దాదాపు 2,500. గుండ్రటి గడ్డి కట్ట ఒకటి 800 నుంచి 1,000 పౌండ్లు తూగుతుంది, చిన్నదాని లోడర్ దాన్ని ఎత్తలేదు. పది మేకలకి చిన్న కట్టలు సరిపోతాయి కాబట్టి అది మీకు అడ్డం కాకపోవచ్చు.

మీ నేల సంగతి మర్చిపోకండి. అక్కడి నల్ల బంకమట్టి మన రేగడికి సోదరి, ఎండాకాలం నోళ్లు తెరుస్తుంది, వానకి గోందులా అంటుకుంటుంది. ఆర్4 టైర్లు (వెడల్పు లగ్గులున్న ఇండస్ట్రియల్ రకం) తడి రేగడిలో బురద పట్టుకుని నున్నగా అయిపోతాయి. లోతైన లగ్గులున్న ఆర్1 టైర్లు బాగా పట్టుకుంటాయి గానీ పచ్చికని చీలుస్తాయి. అయినా మీకు ఆర్4 చాలు, దానికి కారణం ముళ్లు. మెస్కిట్ మన సర్కారు తుమ్మకి అక్కచెల్లెలే. ఆర్4 గోడలు మందం, ముల్లు తేలిగ్గా దిగదు. నేల తడిగా ఉన్నప్పుడు ఏ టైరుతోనూ కూరగాయల మడిలోకి దిగకండి, ఆ అదుము ఆ ఏడాది వదలదు.

ముందు టైర్లు, వెనక టైర్లు కంపెనీ చెప్పిన జతలోనే ఉన్నాయో లేదో సైజు నంబరు చదివి చూడండి. ఎవరో ముందువి మాత్రం వేరే సైజు వేసి ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడల్లా ముందు యాక్సిల్ నలుగుతుంది.

మిగతావి చకచకా

లోడర్ బకెట్‌ని నడుము ఎత్తులో ఆపి, కింద ఎవరూ లేకుండా చూసి, పది నిమిషాలు వదిలేయండి. కొంచెం దిగితే సరే, అరడుగు దిగితే సీళ్లు పోయాయి. వెల్డింగుల పక్కన కొత్త పెయింట్ ఒక్కచోటే ఉంటే గోటితో గీకండి, పగులు దాచి ఉండొచ్చు. ముందు చక్రాల మోకాళ్ల దగ్గర నూనె చెమ్మ చూడండి. సీటు కింద చెయ్యి పెట్టి తడమండి. సీటు స్విచ్ వైర్లు రెండూ మెలితిప్పి టేపు చుట్టి ఉంటే భద్రత తీసేశారు, దాన్ని సరిచేయించాకే ఎవరైనా నడపాలి. వెనక రోల్ బార్ లేని బండి వద్దు, ఉన్నా బెల్టు పెట్టుకోకపోతే దానివల్ల ప్రయోజనం లేదు. లోడర్‌తో బరువెత్తేటప్పుడు వెనక బరువు తగిలించాల్సిందే. ఫ్యూజు పెట్టెలో సన్నటి ఒండ్రు కనపడితే వరదలో మునిగిన బండి.

కాగితాలు. చాలా రాష్ట్రాల్లో ట్రాక్టర్‌కి కారులా టైటిల్ (యాజమాన్య పత్రం) ఉండదు. కాబట్టి సీరియల్ నంబరు పలక ఫోటో తీసుకోండి, ఆ నంబరుతోనే అమ్మకం కాగితం రాయించండి. అమ్మేవాళ్ల పేరు మీద అప్పు ఉందేమో రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర యూసీసీ రికార్డుల్లో (తాకట్టు అప్పుల నమోదు) వెతకొచ్చు. అప్పు తీరకపోతే బండి మీద హక్కు బ్యాంకుదే.

తెచ్చుకున్నాక మొదటి పని

పాత నూనె ఎలా ఉన్నా మార్చేయండి. కుబోటా బీఎక్స్ తరహా బాగా చిన్న బండికి 3 గ్యాలన్ల పైన, ఎల్2501 లాంటి ఎల్ తరహాకి 6, 7 గ్యాలన్లు పడుతుంది. కంపెనీ చెప్పిన నూనె రకమే పోయండి. ఫిల్టర్లు కొన్నింటికి రెండు ఉంటాయి, ఒకటి హెచ్‌ఎస్‌టీది, ఒకటి హైడ్రాలిక్‌ది. పైకి ఒకేలా కనిపిస్తాయి, తారుమారు చేయకండి. ఇక్కడ మాత్రం చవక ఫిల్టర్ వద్దు, లోపలి వడపోత తేడాగా ఉంటుంది. తీసిన ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. బూడిద రంగు పిండి కొంచెం ఉంటే ఫర్వాలేదు, ఇత్తడి రేకులు ఉండకూడదు. నూనె పోశాక ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో ఉంచి, పెడల్‌ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించి గాలి పోనిచ్చి, మట్టం మళ్లీ చూసుకోండి. మళ్లీ 50 గంటలకి ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత మీ మోడల్ పుస్తకం చెప్పినట్టు, సాధారణంగా 200 గంటలకి ఫిల్టర్, 400కి నూనె.

2011 బండి వేడి పరీక్షలో ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో, వెనక్కి తోసినప్పుడు ఏమైందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.